ఫొటోకో పళ్ళెం, నోటికో పళ్ళెం

జినాన్ నూలు మిల్లు క్యాంటీన్లో లువాన్ యూజీ ముప్ఫై ఏళ్ళు గరిటె పట్టింది. క్యాంటీన్ గరిటెలకు ఒక పాడు అలవాటు ఉంటుంది. గంగాళంలోంచి నిండుగా లేస్తాయి, తీరా పళ్ళెం దగ్గరికొచ్చేసరికి చిన్నగా వణుకుతాయి, రెండు మాంసం ముక్కలు వచ్చిన దారినే వెనక్కి జారిపోతాయి. యూజీ గరిటె ఎన్నడూ వణకలేదు. పక్క వరస ఖాళీగా ఉన్నా కార్మికులు ఆమె వరసలోనే నిలబడేవాళ్ళు. రిటైరైన రోజున మేనేజరు పింగాణీ కప్పు చేతిలో పెట్టి నాలుగు మాటలు పొగిడాడు. అవేవీ ఆమెకు గుర్తు లేవు. "యూజీ అక్క వడ్డించిన రోజు ఇంటికెళ్ళి తినక్కర్లేదు" అని బేళ్ళు మోసే కూలీ ఒకడు అన్న మాట మాత్రం పదహారేళ్ళు గడిచినా తారీఖుతో సహా చెబుతుంది. నలుగురికి పెట్టడం ఆమెకు ఇష్టం. పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ నలుగురికీ తెలియడం ఇంకా ఇష్టం, ఆ సంగతి ఒప్పుకోదు గానీ.

మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. ఒళ్ళంతా ముడతలు పడి అక్రోటు కాయలా ఉందని యూజీయే ఆ పిల్లకు హెతావ్ అని ముద్దుపేరు పెట్టింది. అక్రోటును అక్కడ అలాగే అంటారు. కొడుకు గావ్ పెంగ్ లిఫ్టులు మరమ్మతు చేస్తూ ఊరంతా తిరుగుతాడు. కోడలు వాన్‌నింగ్‌ది బీమా ఆఫీసులో పని. అందరూ ఉండేది యూజీ ఇంట్లోనే కాబట్టి నలభయ్యో రోజు నుంచి పిల్ల నాయనమ్మ ఒళ్ళోనే పెరిగింది. కొర్రల జావ మీద తేరిన మీగడ, గుడ్డు పచ్చసొన, ఎముకల రసం, అన్నీ చెంచా కొసన గోరంత గోరంత. ఏడాది నిండాక టీకాలు వేసే డాక్టరమ్మ పిల్లను తూచి, "ఎవరు పెంచారో గానీ చక్కగా పెంచారు" అంది. ఆ మాటను యూజీ సాయంత్రానికల్లా ఆరంతస్తుల మేడలో ప్రతి గడపకూ చేరవేసింది. ఆ మాట పట్టుకునే ఇంకో పదమూడేళ్ళు పెట్టింది.

పదమూడేళ్ళయ్యాక ఇంకో ఆసుపత్రిలో ఇంకో డాక్టరు అదే పిల్లను తూచాడు. పద్నాలుగేళ్ళు, ఎనభై ఒక్క కిలోలు. కాలేయానికి కొవ్వు పట్టిందన్నాడు, రక్తంలో చక్కెర గీత దాకా వచ్చి నిలబడిందన్నాడు. వచ్చే ఏడాది హైస్కూలు ప్రవేశ పరీక్షలో ఎనిమిది వందల మీటర్ల పరుగుకు కూడా మార్కులుంటాయి. హెతావ్ రెండో చుట్టుకే ఆయాసంతో కూర్చుండిపోతుంది. ఎవరు పెంచారని డాక్టరు అడగలేదు. అడగకపోయినా యూజీ చెవులు కాలాయి.

ఆ ఆసుపత్రిలోనే వేసవి సెలవుల్లో పిల్లల బరువు తగ్గించే తరగతి నడుస్తుంది. పన్నెండు మంది పిల్లలు, ఎనిమిది వారాలు. ప్రతి శనివారం నాలుగో అంతస్తులో తూకం. ఇంటికొక గళ్ళ పళ్ళెం ఇచ్చారు: సగం కూర, పావు అన్నం, పావు చేపో కోడిమాంసమో. ప్రతి పూటా వడ్డించిన పళ్ళేన్ని ఫొటో తీసి ఫోనులో అందరూ ఉండే గుంపుకు పంపాలి. చూసి మార్కులు వేసేది ఫాంగ్ అనే ఇరవై ఏడేళ్ళ పోషకాహార నిపుణురాలు. బాగుంటే ఎర్ర పువ్వు బొమ్మ, బాగాలేకపోతే ఎర్ర ఇంటూ గుర్తు. "పెళ్ళి కాని పిల్ల, పొయ్యి వెలిగించిందో లేదో, నాకు మార్కులు వేస్తుందట" అని యూజీ కొడుకు దగ్గర సణిగింది. సణుగుతూనే కొత్త పళ్ళెం తోమి ఆరబెట్టింది.

మొదటి రోజు లెక్క ప్రకారమే వండింది. ఉడికించిన కూర, నూనె లేని చేప ముక్క, పిడికెడు అన్నం. ఫొటో తీసి పంపింది. హెతావ్ ఆ పళ్ళెం వంక చూసి మారు మాట్లాడకుండా చాప్‌స్టిక్స్ అందుకుంది. పిల్ల అలిగి గోల చేసినా యూజీ తట్టుకునేది. ఆ మౌనం మాత్రం తట్టుకోలేకపోయింది.

"ఆగు తల్లీ. ఇది ఫొటోకి" అని పొయ్యి మీంచి రెండో గిన్నె దించింది. గడ్డిపోచలతో కట్టి సోయా రసంలో మూడు గంటలు మగ్గబెట్టిన పంది మాంసం; జినాన్‌లో పుట్టినవాడెవడూ వద్దనలేనిది.

"ఫాంగ్ టీచరుకి తెలిస్తే, నాయనమ్మా?"

"పళ్ళెం ఫొటో అడిగింది, పంపాం. పొట్ట ఫొటో అడగలేదుగా. తిను, చల్లారిపోతుంది."

ఇక ఫొటో తీసిన ఆ పళ్ళేన్ని పారెయ్యడానికి చేతులు రాలేదు. కరువు రోజుల్లో ఎండు చిలగడదుంప ముక్కలు నమిలి బతికామని తల్లి చెప్పగా వింటూ పెరిగిన మనిషి, అన్నం పారేసే రకం కాదు. అందుకని ఆ పళ్ళెం తనే తినేది, మూడు పూటలా, మొహం ముడుచుకుని. మూడు వారాలు గడిచేసరికి మనవరాలు నాలుగు వందల గ్రాములు తగ్గింది. నాయనమ్మ రెండు కిలోలు తగ్గి, ప్యాంటుకు నాడా బిగించుకుంది.

ఫాంగ్ ఆ మూడు వారాల ఫొటోలనూ వరసగా చూసి తల పట్టుకుంది. "ఇంత పద్ధతిగా తింటూ కూడా తగ్గలేదంటే ఈ ఒంటికి ఈ లెక్క ఎక్కువేమో" అని హెతావ్ పళ్ళెంలోంచి పావు వంతు కోసేసింది. ఆ సాయంత్రమే కోడలు మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. కొన్నాళ్ళు మా అమ్మ దగ్గర ఉంచి చూద్దాం. అమ్మ టీచరుగా చేసింది కదా, లెక్కంటే లెక్కే."

"దానికేముందమ్మా. పంపించు." యూజీ గిన్నె తోమడం ఆపలేదు. "తగ్గితే తిరిగొచ్చేస్తుందిగా?"

"తగ్గితే అక్కడే ఉంచేద్దామని. బడి తెరిచాక కూడా. రెండు బస్సులు మారాలి, మారుతుంది."

అంటే తూకం రాయి ఎటు మొగ్గితే పిల్ల అటు. బరువు తగ్గితే హెతావ్ సెప్టెంబరు నుంచి అమ్మమ్మది, తగ్గకపోతే నాయనమ్మది. పిల్ల బాగుపడాలని దేవుడికి మొక్కుకోవాల్సిన మనిషి ఏమని మొక్కుకోవాలో తెలియక ఆ పూట మొక్కడమే మానేసింది.

వియ్యపురాలు బియాన్ షూవెన్ మీద యూజీకి కుళ్ళు కొత్తది కాదు, పిల్లల పెళ్ళినాటిది. షూవెన్ ముప్ఫై ఆరేళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పింది. ఆమెది పదకొండో అంతస్తు, లిఫ్టు ఉంది, కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. తూచినట్టు మాట్లాడుతుంది, గొంతు లేవదు. క్యాంటీన్ హోరులో పెరిగిన గొంతు యూజీది. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే తనే అరుస్తున్నట్టుంటుంది. ఏటా ఆనవాయితీగా కొత్త సంవత్సరం రెండో రోజున హెతావ్ అక్కడికి వెళ్ళి వస్తే సంచిలో పుస్తకాలుండేవి, నోట్లో కొత్త పద్యాలుండేవి. నేర్పితే నేర్పనీ, తినేది నా చేతి వంటే కదా అని యూజీ ఇన్నేళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడా ఒక్కటీ అటు పోయింది.

ఫోను గుంపులోంచి ఆమెను ఎవరూ తీసెయ్యలేదు. తీసేసినా బాగుండేది. రోజుకు మూడుసార్లు ఫోను టింగుమనడం, ఆమె చేతిలో పని వదిలేసి కళ్ళజోడు వెతుక్కోవడం. తెల్లటి గుడ్డ మీద, కిటికీ వెలుతురులో షూవెన్ పెట్టిన పళ్ళెం. బ్రాకలీ ఒక గడిలో, రొయ్యలు ఇంకో గడిలో, గుండ్రంగా బోర్లించిన అన్నం. పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ: తారీఖు, దేన్ని ఎన్ని గ్రాములు వేసిందో.

"చీటీ కూడానా" అని యూజీ గోడతో అంది.

కింద ఫాంగ్ రాసిన మాట ఇంకా మంట: "అందరూ అమ్మమ్మగారి పళ్ళెం చూడండి. ఇలా ఉండాలి." మూడు ఎర్ర పువ్వులు. తన పళ్ళేలకు ఎప్పుడూ ఒకటి దాటలేదు.

మొదటి శనివారం హెతావ్ కిలో ఆరువందలు తగ్గింది. రెండో శనివారం కిలో తొమ్మిది వందలు. అంకె చూసినప్పుడల్లా యూజీ ఫోను బోర్లించి పెట్టేసేది. పిల్ల బాగుపడుతుంటే ఏడ్చే ముండ నేనొక్కదాన్నే అయ్యుంటాను అని తనను తాను తిట్టుకునేది. తిట్టుకుని, మళ్ళీ ఫోను తీసి ఆ పళ్ళేన్నే చూసేది. కింది అంతస్తు చూ ముసలమ్మ మెట్ల మీద ఎదురైతే పుండు మీద కారం చల్లినట్టే.

"మీ పిల్ల సన్నబడిందటగా యూజీ. వియ్యపురాలి చేతి చలవ."

"అవునక్కా. ఏమీ వెయ్యకుండా వండితే ఎవరి చేతికైనా చలవే" అని యూజీ నాలుగు మెట్లు గబగబా ఎక్కేసింది.

మూడో వారం గురువారం మధ్యాహ్నం ఫొటో వచ్చింది. రొయ్యలు, బ్రాకలీ, అన్నం. యూజీ రెండు వేళ్ళతో సాగదీసి చూసింది. ఒక రొయ్య తోక వెనక్కి మడత పడి ఉంది. బ్రాకలీ పువ్వు మీద పెసరగింజంత పసుపు మచ్చ. ఎక్కడో చూసినట్టుంది. వేలితో వెనక్కి జరుపుకుంటూ వెళ్ళింది. సోమవారం మధ్యాహ్నం: అదే రొయ్య, అదే తోక, అదే మచ్చ. చీటీ మారింది, చీటీ మీద తారీఖు మారింది, పళ్ళెం మారలేదు.

పాము కాళ్ళు పాముకెరుక. మూడు వారాలు దొంగ పళ్ళెం పంపిన మనిషికి ఇంకొకరి దొంగ పళ్ళేన్ని పట్టుకోవడం ఎంత పని? యూజీకి ఒక్కసారిగా పదేళ్ళు తగ్గినట్టయింది. వంటింట్లో నిలబడి పాత మిల్లు పాట ఒకటి ఈల వేసింది. టీచరమ్మ, లెక్కంటే లెక్క, ఆవిడా దొంగేనన్నమాట. దొంగచాటుగా ఐస్‌క్రీములు పెడుతోంది కాబోలు, వేపుళ్ళు పెడుతోంది కాబోలు. మరి బరువెలా తగ్గుతోందన్న ప్రశ్న ఆమెకు తట్టనే లేదు. ఓర్వలేనితనం అంత గుడ్డిది.

మర్నాడు శుక్రవారం, సరిగ్గా భోజనాల వేళకు, నాలుగు పీచ్ పళ్ళు సంచిలో వేసుకుని రెండు బస్సులు మారి పదకొండో అంతస్తు గంట కొట్టింది.

"రండి వదినగారూ" అంది షూవెన్, మొహంలో రంగు మారినా గొంతు మారకుండా. "ఫోన్ చేస్తే బస్టాపు దాకా వచ్చేదాన్ని కదా."

"ఫోన్ చేస్తే మీరు సర్దుకోరూ" అని నాలిక చివరి దాకా వచ్చింది. "ఇటు పక్క పనుండి వచ్చాను" అని చెప్పులు విప్పింది.

బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద ఖాళీ గళ్ళ పళ్ళెం. యూజీ అడక్కుండానే ఫ్రిజ్ తలుపు తీసింది. మూత వేసిన డబ్బాలు మూడు, మూడింట్లోనూ ముట్టుకోని భోజనాలు. ఒకదాంట్లో తోక మడిచిన రొయ్య కూడా ఉంది. ఐస్‌క్రీమ్ లేదు, వేపుడు లేదు, మాంసం ముక్క లేదు. యూజీ ఈల పాట అక్కడే ఆగిపోయింది.

లోపలి గదిలో, ఆగస్టు ఉక్కలో, హెతావ్ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. లావు ఇంకా ఉంది, మొహంలో రంగు లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. దిండు పక్కన దువ్వెన, దువ్వెనలో ఉండలుగా జుట్టు.

"ఏం తిన్నావే?"

"తిన్నాను నాయనమ్మా."

"ఏం తిన్నావని అడుగుతున్నా."

"దోసకాయ." దుప్పటి మెడ దాకా లాక్కుని, "సగం" అంది.

మంచానికి ఎదురుగా గోడకు గళ్ళ కాగితం అంటించి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో గీత, పైనుంచి కిందికి దిగుతోంది. దిగిన ప్రతి కిలో దగ్గరా షూవెన్ చేత్తో గీసిన నక్షత్రం. హెతావ్ నాయనమ్మ వైపు చూడకుండా ఆ కాగితం వైపే చూస్తూ మాట్లాడింది.

"ఆ గీత కిందికి దిగితే అమ్మమ్మ నన్ను దగ్గరకు తీసుకుంటుంది. ఎప్పుడూ తీసుకునేది కాదు నీకు తెలుసుగా. నీ దగ్గర తింటే నువ్వు సంతోషిస్తావు, ఇక్కడ తినకపోతే అమ్మమ్మ సంతోషిస్తుంది. నేనేం చెయ్యను?"

యూజీ దువ్వెనలోని జుట్టు ఉండ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. షూవెన్ తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు.

"నేను గ్రాము తేడా లేకుండా వండుతున్నాను వదినగారూ" అంది షూవెన్. "అదే ముట్టుకోదు. ఆకలి లేదంటుంది. మిగిలిందే మళ్ళీ పళ్ళెంలో సర్ది ఫొటో తీశాను. ముట్టని పళ్ళెం అని రాస్తే ఆ ఫాంగ్ ఎర్ర ఇంటూ పెడుతుంది."

"పెడితే పెట్టింది. తల తెగి పడుతుందా?"

"ముప్ఫై ఆరేళ్ళు ఎర్ర ఇంటూలు నేనొకరికి పెట్టాను గానీ, నాకెవరూ పెట్టలేదు." షూవెన్ కళ్ళు దించుకుంది. "బరువు తగ్గుతోంది కదా అనుకున్నాను. మీకెలా తెలిసింది?"

"వంటమనిషిని వదినగారూ. రొయ్యలకి కూడా మొహాలుంటాయి."

ఆ పూట షూవెన్ వంటింట్లో యూజీ ఒక గుడ్డు గిలకొట్టి ఆవిరికి పెట్టింది. హెతావ్ గోడ మీది గీతను చూస్తూ ఆరు చెంచాలు తింది. తిరుగు బస్సులో కూర్చున్న యూజీ కళ్ళు ఒక పక్క తుడుచుకుంటూనే ఉంది, ఇంకో పక్క మనసు రేపటి తూకం గదిలో తిరుగుతూనే ఉంది. అందరి ముందూ చెబుతుంది. టీచరమ్మ పువ్వులన్నీ రాలిపోతాయి. పిల్ల రేపే ఇంటికొచ్చేస్తుంది. జాలీ నిజమే, కసీ నిజమే. రెండూ ఒకే కడుపులో ఎలా పట్టాయో ఆమెకే తెలియాలి.

శనివారం హెతావ్ తూకం యంత్రం ఎక్కి దిగింది. వారంలో రెండు కిలోల నాలుగు వందలు. గదిలో తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఫాంగ్ కొట్టలేదు. "ఇది మరీ ఎక్కువ" అని కాగితం మీద పెన్ను ఆపింది. అప్పుడు యూజీ లేచి నిలబడి, ఒకే పళ్ళెం రెండు రోజులు ఎలా వచ్చిందో, ఫ్రిజ్‌లో ఏముందో, దువ్వెనలో ఏముందో తన క్యాంటీన్ గొంతుతో చెప్పింది.

"నిజమే" అంది షూవెన్ కూర్చున్నచోటి నుంచే. అంత చిన్న మాటకు ఆమె గొంతు వణికింది. యూజీ అది వినాలని పదిహేనేళ్ళుగా ఎదురుచూసింది. విన్నాక అనుకున్నంత బాగా లేదు గానీ, బాగానే ఉంది.

వాన్‌నింగ్ తల్లి వైపు చూసి, కూతురి చెయ్యి పట్టుకుని, అత్త వైపు తిరిగింది. "అత్తయ్యా, సాయంత్రమే తీసుకొచ్చేస్తాను. మీరే చూసుకోండి దీన్ని."

అంతే. గెలిచింది. కూర్చుంటే చాలు. కానీ ఫాంగ్ పాత ఫొటోలు తెరిచి పెట్టుకుని ఇంకా ఏదో ఆలోచిస్తోంది.

"తిండి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎంత పెట్టాలన్నదే నాకు తేలట్లేదు. నాయనమ్మగారింట్లో మూడు వారాలు పెద్ద పళ్ళెం తింది, అయినా తగ్గలేదు. అందుకే కదా పావు కోశాను. మళ్ళీ పెద్ద పళ్ళెం ఇచ్చి లాభం లేదు. చిన్నదే కొనసాగిద్దాం. గ్రంథుల్లో ఏమైనా లోపముందేమో, రక్త పరీక్షలు కూడా రాస్తాను."

హెతావ్ తల వంచుకుంది. ఆ పిల్లకు అంతా తెలుసు. పెద్ద పళ్ళెం ఎవరి పొట్టలోకి పోయిందో తెలిసి కూడా నోరు విప్పలేదు, నాయనమ్మను పట్టివ్వకుండా తన ఒంటినే దోషిగా నిలబెట్టింది. సూది పొడిపించుకోవడానికి కూడా సిద్ధపడింది. యూజీ ఆ వంగిన మెడ వైపు చూసింది. కూర్చుంటే పిల్ల తనది. కూర్చోలేకపోయింది.

"ఆ పళ్ళేలు అది తినలేదమ్మా" అంది. "నేను తిన్నాను."

ఫాంగ్‌కు అర్థం కాలేదు.

"ఫొటోకి ఒకటి, దానికి ఒకటి వండాను. దానికి మాంసం పెట్టి, మీ పళ్ళెం నేను తిన్నాను. మీ లెక్కలో తప్పేమీ లేదు, మూడు వారాల్లో నేను రెండు కిలోలు తగ్గాను. అనుమానముంటే ఎక్కి నిలబడతాను, తూచుకోండి."

వెనక వరసలో ఒక తండ్రి కిసుక్కున నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. వాన్‌నింగ్ నవ్వలేదు. చాలాసేపు అత్త నడుం దగ్గర బిగించిన నాడా వైపు చూసింది.

"హెతావ్ మా అమ్మ దగ్గరే ఉంటుంది అత్తయ్యా" అంది చివరికి. "అమ్మ కనీసం ఆ లెక్క పళ్ళెం దానికోసమే వండింది."

తన గరిటె ఎన్నడూ వణకలేదని ఊరంతా చెప్పుకున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాడా ముడి లోపలికి దోపుకుని కూర్చుంది. ఫాంగ్ పెద్ద పళ్ళెం మళ్ళీ రాసింది. గోడ మీది గళ్ళ కాగితం తీసెయ్యమంది. తూకం అంకె ఇక తన దగ్గరే ఉంచుకుంటానంది, ఎవరికీ చెప్పనంది. గుంపులో అందరికీ కొత్త నియమం పెట్టింది: వడ్డించిన పళ్ళెం కాదు, తిన్న తర్వాత పళ్ళెం ఫొటో పంపాలి.

ఆదివారం మధ్యాహ్నం ఫోను టింగుమంది. చీటీ లేదు, తెల్ల గుడ్డ లేదు. నూనె మరకలతో తిన్న పళ్ళెం. అన్నం అయిపోయింది, చేప అయిపోయింది. ఒక గడిలో మాత్రం సెలెరీ ముక్కలు నాలుగు, అంచుకు నెట్టేసి ఉన్నాయి. యూజీకి చూడగానే తెలిసింది. సెలెరీ కాడకు పీచు ఉంటుంది, ఆ పీచు హెతావ్ గొంతుకు అడ్డం పడుతుంది. మూడేళ్ళప్పటి నుంచీ అంతే. పీచు లాగేసి ఏటవాలుగా కోసి పెడితే మారు మాట్లాడకుండా తింటుంది. ఈ సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు.

తెలిసి ఊరుకుంది. సోమవారం మూడు ముక్కలు మిగిలాయి, మంగళవారం అయిదు. ఫాంగ్ ఏమీ అనలేదు, ఒక్క పువ్వు పెట్టింది. ఆ మిగిలిన ముక్కలు చూస్తే యూజీకి ప్రాణం కాస్త కుదుటపడేది. పిల్ల మీద తనకు ఇంకా మిగిలిన వాటా అదే అనిపించేది. షూవెన్ ఎన్ని పుస్తకాలు చదివినా ఆ నాలుగు ముక్కలు తినిపించలేదు. రోజూ మిగలనీ, రోజూ చూసుకుంటాను అనుకుంది. అలా అనుకుంటున్నది పిల్ల వదిలేసిన తిండి గురించేనని బుధవారం కూరగాయల బజారులో, సెలెరీ కట్ట చేతిలో పట్టుకుని ఉండగా తట్టింది. అక్కడే, జనం మోచేతులు తగులుతుండగా, ఫోను తీసింది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

"వదినగారూ, సెలెరీకి పీచు తీసి వండండి. దాని గొంతుకి అడ్డం పడుతుంది. ఏటవాలుగా కొయ్యండి. చివర్లో రెండు చుక్కలు వెనిగర్."

కాసేపటికి జవాబు వచ్చింది. "పీచు ఏ వైపు నుంచి లాగాలి?"

"ఆకు వైపు నుంచి" అని యూజీ రాసింది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చిన పళ్ళెం నాకినట్టు ఖాళీగా ఉంది. యూజీ సాగదీసి మూడు గడులూ వెతికింది. ఎక్కడా ఒక్క ముక్క లేదు. భోజనానికి ఇంటికొచ్చిన గావ్ పెంగ్ తల్లి కళ్ళు చూసి, ఏమైందమ్మా అని కంగారుగా అడిగాడు.

"పిల్ల మొత్తం తినేసిందిరా" అంది. "సంతోషం."

చెప్పినదాంట్లో సగమే నిజం.